ఇంగ్లీషు కవిత రాసిన విజయనగరం కుర్రాడు

మీరు బడిలో ఇంగ్లీషులో రాస్తారు. ఇంటికొచ్చి అమ్మతో, అమ్మమ్మతో తెలుగులో మాట్లాడతారు. మరి ఇంట్లో మాట్లాడే ఆ తెలుగులో కథ రాయమంటే? కొంచెం బెరుకుగా ఉంటుంది కదూ! గురజాడ అప్పారావు గారు కూడా మొదట కవిత్వం రాసింది ఇంగ్లీషులోనే.

ఆయన 1862లో విశాఖపట్నం దగ్గర ఎస్. రాయవరంలో, మేనమామగారింట్లో పుట్టారు. చీపురుపల్లిలో చిన్న చదువు అయింది. తండ్రి పోయాక విజయనగరం వచ్చారు. చదివించేవాళ్ళు లేరు. అప్పుడు మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రిగారు తిండి పెట్టి, ఉండడానికి చోటిచ్చి చదివించారు. ఆ దయే లేకపోతే ఈ కథ అక్కడే ఆగిపోయేదేమో!

1883లో, ఇంకా చదువుకుంటుండగానే, సారంగధరుడి కథను ఇంగ్లీషులో పద్యంగా రాశారు. ఊళ్ళో పత్రిక వేసుకుంది. కలకత్తాలో పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ దాన్ని చదివి మెచ్చుకుని, తన పత్రికలో మళ్ళీ వేశారు. అంత పెద్దాయన మెచ్చుకుంటే ఏ కుర్రాడికి సంతోషం ఉండదు? కానీ ఆయన ఒక సలహా కూడా ఇచ్చారు. పరాయి భాషలో ఎంత బాగా రాసినా సొంత భాషలో రాసినట్టు ఉండదు, తెలుగులో రాయి అని దాని సారాంశం.

తెలుగులో రాయాలి సరే, ఏ తెలుగులో? అప్పట్లో పుస్తకాల తెలుగు వేరు, ఇంటి తెలుగు వేరు. ఇంట్లో వెళ్తున్నాను అనేవాళ్ళే కాగితం మీద వెళ్ళుచున్నాను అని రాయాలి. పుస్తకాల తెలుగును గ్రాంథికం అంటారు.

అప్పారావు గారు వీధిలో, ఇంట్లో వినబడే మాటలతో కన్యాశుల్కం అనే నాటకం రాశారు. ఆ రోజుల్లో కొందరు తండ్రులు డబ్బు తీసుకుని చిన్న చిన్న ఆడపిల్లల్ని ముసలివాళ్ళకిచ్చి పెళ్ళి చేసేవారు. నాటకం ఆ ఘోరం గురించే, అయినా చదువుతుంటే నవ్వొస్తుంది. అందులో గిరీశం అనే మాటకారి ఉంటాడు. తెలుగు మధ్యలో ఇంగ్లీషు ముక్కలు దంచి అందరినీ బురిడీ కొట్టిస్తాడు. అతని శిష్యుడు వెంకటేశం పరీక్ష తప్పి ఇంటికెళ్ళడానికి భయపడతాడు. నాకు ఈ ఇద్దరి మాటలే అన్నిటికన్నా ఇష్టం.

నాటకాన్ని 1892లో ఆడారు. 1897లో పుస్తకం వచ్చింది. జనం మెచ్చుకున్నారు. అక్కడితో ఊరుకోవచ్చు కదా? లేదు, మళ్ళీ రాశారు. చాలా మార్చి, బాగా పెంచి 1909లో కొత్త పుస్తకం తెచ్చారు. మధ్యలో పన్నెండేళ్ళు! ఒక పేజీ రెండోసారి రాయమంటేనే మనం విసుక్కుంటాం. ఇవాళ అందరూ చదివేది ఆ రెండో కన్యాశుల్కాన్నే.

తరవాత బడిపిల్లల వంతు వచ్చింది. పిల్లలు ఏ తెలుగులో వ్యాసాలు రాయాలి? మద్రాసు యూనివర్సిటీ సంఘంలో పెద్దలు గ్రాంథికమే అన్నారు. అప్పారావు గారు ఒప్పుకోలేదు. వాడుక భాష కోసం 1914లో పెద్ద అసమ్మతి పత్రం రాసిచ్చారు. చిన్ననాటి స్నేహితుడు గిడుగు రామమూర్తి గారు కూడా ఆయన వైపే. అయినా ఆ పోరులో అప్పుడు నెగ్గింది గ్రాంథికమే. మరుసటి ఏడు, 1915 నవంబరు 30న, అప్పారావు గారు కన్నుమూశారు. మీరిప్పుడు చదువుతున్న ఈ పాఠం గ్రాంథికంలో లేదు, చూశారా?

అన్నట్టు, ఆయన ఇంగ్లీషును వదిలేయలేదు. పిల్లలు తెలుగులో రాయాలని వాదించిన ఆ అసమ్మతి పత్రాన్ని కూడా ఇంగ్లీషులోనే రాశారు!