ఆకలి తెలిసిన తల్లి పండిత రమాబాయి

మన అధ్యక్షఖండపు శతవార్షికోత్సవ సంచికకు ఒక భక్తురాలి జీవితము వ్రాయమని మమ్మును కోరినప్పుడు పండిత రమాబాయి గారి పేరే మొదట మనస్సులో మెదిలింది. ఆమె పేరు మన సంఘస్థులకు కొత్త కాదు. స్త్రీల మైత్రి కూడికలలో ఆమెను తలచుకొనుట కద్దు. మేము వేదాంత కళాశాలలో చదువుకొన్న రోజులలో కూడా ఆమెను గూర్చి ఒక పేరా చదివాము. సంస్కృతములో గొప్ప పండితురాలు, క్రీస్తును అంగీకరించినది, బైబిలును మరాఠీలోనికి తర్జుమా చేసినది, అంతే. పరీక్షకు అది చాలింది. ఆమె ఎన్ని దినములు ఆకులు తిని బ్రతికారో, ఎన్ని రాత్రులు తల దాచుకొనుటకు చోటు లేక గడిపారో ఆ పేరాలో లేదు. ముక్తి సదనము పుట్టినది ఆ రాత్రులలోనే అని మా నమ్మకము.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమలలోని గంగమూల అడవిలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే. స్త్రీకి సంస్కృతము చెప్పుట ఆ కాలమున ఘోర అపరాధము. ఆయన మాత్రము భార్య లక్ష్మీబాయికి దానిని నేర్పించి, బంధువుల కోపమునకు గురై, అడవిలో ఇల్లు కట్టుకొని కాపురమున్నారు. ఆ తల్లి తెల్లవారక ముందే లేచి చిన్న కుమార్తెకు శ్లోకములు వల్లె వేయించేవారు. తరువాత ఆస్తి హరించిపోయి కుటుంబమంతయు యాత్రికులై క్షేత్రము వెంట క్షేత్రము తిరిగారు. గుడి మండపములలో పురాణము చదువుట, వినవచ్చిన వారు ఇచ్చిన బియ్యముతో ఆ పూట గడుపుట, ఇదే వారి జీవనము.

1870ల నడుమ దక్షిణ దేశములో కరువు పడింది. పురాణము చెప్పువారున్నారు గాని బియ్యము ఇచ్చువారు లేరు. కూలి పనికి పోవుటకు కులగౌరవము అడ్డు వచ్చింది. వచ్చినా ఆ పని వారికి చేతకాదు. బిచ్చమెత్తుటకు సిగ్గు. నగలు, పాత్రలు, చివరకు మంచి బట్టలు కూడ అమ్ముకొన్నారు. తిరుపతి ప్రాంతపు అడవులలో నీళ్లు త్రాగి, ఆకులు తిని దినములు గడిపారు. తండ్రి ఆ బాధలోనే కన్నుమూశారు. కొద్ది నెలలలో తల్లి, అక్క కూడ పోయారు. తల్లి మరణించినది నాటి నిజాము రాజ్యములోని రాయచూరులో. శవమును మోయుటకు మనుష్యులు దొరకలేదు. ఎట్టకేలకు ఇద్దరు బ్రాహ్మణులు ఒప్పుకొన్నారు. మూడవ మనిషి అన్న శ్రీనివాసు, నాలుగవ మనిషి రమాబాయి. శ్మశానము మూడు మైళ్ల దూరము. పొట్టి మనిషి కనుక పాడె భుజమున కందక, తల మీద పెట్టుకొని తల్లిని మోశారు.

ఇక మిగిలినది అన్నాచెల్లెండ్లు ఇద్దరే. వారు ఉత్తర దేశమునకు సాగి, మొత్తము మీద 4,000 మైళ్లకు పైగా కాలినడకను తిరిగారు. పంజాబులో చలికాలమున, జీలం నది ఒడ్డున, కప్పుకొనుటకు దుప్పటి లేక, ఇసుకలో సమాధుల వంటి రెండు గోతులు త్రవ్వి, అందులో పడుకొని, తల తప్ప దేహమంతయు ఇసుకతో కప్పుకొని తెల్లవార్చారు. భాగవతములోని 18,000 శ్లోకములు చిన్ననాటనే కంఠస్థము చేసిన పిల్ల అని ప్రసిద్ధి పొందిన ఆమెకు ఆ రాత్రి ఆ శ్లోకములు ఒక్క గొంగళి సంపాదించి పెట్టలేదు. చదువును తక్కువ చేయుటకు ఈ మాట అనడము లేదు. చేతి పని లేని చదువు మనిషిని ఎక్కడ నిలబెట్టునో ఆమె ఎన్నడును మరువలేదు. ఇది గుర్తుంచుకొని చదివితేనే ఆ తరువాతి చరిత్ర అర్థమవుతుంది.

1878లో వారు కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె పాండిత్యమునకు ఆశ్చర్యపడి పండిత, సరస్వతి అను బిరుదులిచ్చారు. రెండేండ్లకే అన్న చనిపోయారు. అదే 1880లో, తన కులము వాడు కాని బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ దాసును వివాహమాడారు. 1881లో మనోరమ పుట్టింది. 1882లో కలరా భర్తను తీసుకొనిపోయింది. ఇరువది మూడేండ్లకు ఆమె విధవరాలు, ఒడిలో పసిబిడ్డ. నాటి విధవరాలి బ్రతుకు మన పెద్దలు ఎరుగుదురు. తల గొరిగించుకొనుట, ఒంటిపూట తిండి, అత్తవారింట దెబ్బలు, భర్తను మింగినదను నింద. ఏడెనిమిదేండ్ల పిల్లలకు కూడ ఇదే గతి.

పూనాకు వచ్చి ఆర్య మహిళా సమాజమును స్థాపించి, స్త్రీలకు స్త్రీ వైద్యులు, స్త్రీ ఉపాధ్యాయులు కావలెనని హంటరు కమిషను ఎదుట సాక్ష్యమిచ్చిన తరువాత, వైద్యము చదువవలెనని 1883లో ఇంగ్లండుకు వెళ్లారు. చెవుడు వలన ఆ చదువు సాగలేదు. వాంటేజి పట్టణములో సిస్టర్ల మఠమున నివసించి, అదే సంవత్సరము సెప్టెంబరు 29న కుమార్తెతో కూడ బాప్తిస్మము పొందారు. ఆమె హృదయమును కదిలించినది తర్కము కంటె ఎక్కువగా ఒక ఇల్లు. లండనులోని ఫుల్హాములో సిస్టర్లు నడుపు ఆశ్రయ గృహమునకు ఆమెను తీసుకొనిపోయారు. చెడిపోయిన వారని లోకము విసర్జించిన స్త్రీలు అక్కడ మర్యాదతో పని చేసుకొంటూ, తమ వంటి వారికి తామే పరిచర్య చేయుట ఆమె చూశారు. అటువంటి స్త్రీలకు తన దేశమున గుమ్మము తెరచువారు ఎవరని ఆమె విచారించారు. సమరయ స్త్రీ కథను సిస్టర్లు అప్పుడు ఆమెకు వివరించారు.

బాప్తిస్మము పొందినంత మాత్రాన ఆమె గురువులు చెప్పినదంతయు తల వంచి విన్నారని తలచరాదు. మగవారికి పాఠము చెప్పరాదని బిషప్పులు అడ్డు పలికినప్పుడు ఆమె ధైర్యముగా ప్రత్యుత్తరము వ్రాశారు. ఆమె మా సంఘములో సభ్యురాలై ఉంటే మాకు ఎన్ని కమిటీలు కష్టమయ్యేవో అని మాలో మేము నవ్వుకొన్నాము.

1886లో అమెరికా వెళ్లి, హైకాస్ట్ హిందూ ఉమన్ అను ఇంగ్లీషు పుస్తకము 1887లో ప్రచురించి, ఊరూర ఉపన్యాసములిచ్చారు. పదేండ్లు సహాయము చేయుటకు బోస్టనులో రమాబాయి అసోసియేషను ఏర్పడింది. 1889 మార్చి 11న బొంబాయిలో విధవల కొరకు శారదా సదనము తెరిచారు. మరుసటి ఏడు అది పూనాకు మారింది. అందులో చేరిన మొదటి విధవ గోదూబాయి తరువాత కర్వే గారిని వివాహమాడింది. ఆ కర్వే గారే 1896లో తామును విధవల ఆశ్రమము స్థాపించారు.

ఎవరి మతములోను జోక్యము లేదని సదనపు నియమము. రమాబాయి తన గదిలో, తలుపు తెరచియుంచి, కుమార్తెతో ప్రార్థించేవారు. పిల్లలు కొందరు వచ్చి కూర్చునేవారు. దీనిపై 1893లో పెద్ద అల్లరి లేచింది. రానడే, భండార్కరు వంటి పెద్దలు సలహా సంఘము నుండి తప్పుకొన్నారు. చాలమంది పిల్లలను బంధువులు తీసుకొనిపోయారు. ఇటు చూస్తే, బైబిలు నేర్పని సదనమెందుకని కొందరు క్రైస్తవులే నిందించారు. ఇరువైపుల వారికిని కావలసినది తమ పక్షము. ఆ పిల్లలు తిరిగి ఏ ఇండ్లకు పోవుచున్నారో అడిగినవారు తక్కువ.

1896లో మధ్య పరగణాలలో కరువు వచ్చింది. ఇరువది ఏండ్ల క్రిందటి ఆకలి ఆమె కండ్ల ఎదుట నిలిచింది. తానే బయలుదేరి వెళ్లారు. సహాయ శిబిరములలో అన్నము పెట్టు చోటనే ఆడపిల్లలకు అపాయమున్నదని, వారిని దుష్టులు తీసుకొనిపోవుచున్నారని కనుగొన్నారు. సుమారు 300 మందిని వెంట తెచ్చారు. పూనాలో ప్లేగు కారణముగా అంతమందిని పట్టణములో ఉంచరాదని ఉత్తర్వు వచ్చింది. అంతకు ముందే కేడ్గావ్‌లో కొని ఉంచిన సుమారు 100 ఎకరముల పొలములో పాకలు వేయించి, బావులు త్రవ్వించి వారిని అక్కడ చేర్చారు. ముక్తి సదనము అదే. శారదా సదనములో పెరిగిన పెద్ద పిల్ల ఒక్కొక్కతె ఒక్కొక్క కరువు పిల్లను తన బిడ్డగా చేపట్టి, కడిగి, తినిపించి, అక్షరములు దిద్దించింది. నిన్న దిక్కు లేని పిల్ల నేడు ఇంకొకతెకు దిక్కు. ఫుల్హాములో చూచినది ఇదే కదా.

ఆ ప్లేగు రోజులలోనే, 1897లో, ఆమె పిల్లలలో ఒకతె ప్రభుత్వపు ప్లేగు శిబిరమునకు పంపబడి తిరిగి రాలేదు. చెడ్డవారి పాలైనదని తెలిసి, శిబిరములలో స్త్రీలకు రక్షణ లేదని రమాబాయి పత్రికలో లేఖ వ్రాశారు. అది లండను పార్లమెంటు వరకు పోయింది. గవర్నరు దానిని త్రోసిపుచ్చారు. ఆమె తన మాట వెనుకకు తీసుకొనలేదు.

1900లో గుజరాతు కరువు వచ్చి ముక్తిలోని వారి సంఖ్య 2,000కు చేరువైంది. చెరచబడిన స్త్రీలకు, చెడు దారి పాలైన స్త్రీలకు కృపా సదనము ప్రత్యేకముగా కట్టించారు. వృద్ధులకు ప్రీతి సదనము, అంధులకు బర్తిమయి పేరిట మరియొకటి. అంధులకు బ్రెయిలీ నేర్పినది మనోరమ. ప్రతి పిల్లకు చదువుతో పాటు ఒక పని నేర్పవలెనని నియమము. నేత, నూనె గానుగ, పాడి, వ్యవసాయము, అచ్చు పని, ఏదో ఒకటి. జీలం ఒడ్డున ఇసుకలో పడుకొన్న మనిషి పెట్టిన నియమమది.

కృపా సదనము సంగతి చదివినప్పుడెల్ల మాకొక రాత్రి జ్ఞాపకము వస్తుంది. మేము ఒక పల్లె పాస్టరేటులో ఉండగా, వాన రాత్రి ఒక సోదరి ఇద్దరు బిడ్డలతో మా గుమ్మములోనికి వచ్చింది. మొగమున దెబ్బల వాపు. అన్నము పెట్టించాము. ప్రార్థన చేశాము. తెల్లవారగానే ఇద్దరు పెద్దలను తోడిచ్చి, భర్తకు బుద్ధి చెప్పించి, ఆ ఇంటికే పంపాము. కాపురము నిలబెట్టామని సంతోషించాము కూడ. ఆ సోదరి మరల గుడికి రాలేదు. ఏడాది తిరుగక ముందే ఆ కుటుంబము ఊరు విడిచి పోయింది. ఆమెను ఉంచుటకు మాకు వేరే ఇల్లు లేదని సమాధానము చెప్పుకొన్నాము. గుడి వెనుక పాఠశాల గదులు రెండు అప్పుడు ఖాళీగానే ఉన్నాయి.

రమాబాయి చివరి సంవత్సరములు బైబిలు తర్జుమాకు ధారపోశారు. చదువురాని పల్లె స్త్రీకి కూడ అర్థమగు మరాఠీ కావలెనని, అందుకై హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొన్నారు. 1919లో ప్రభుత్వము కైసరె హింద్ పతకము ఇచ్చింది. 1921లో మనోరమ తల్లి కంటె ముందుగా వెళ్లిపోయింది. తన తరువాత ముక్తి భారము మోయునని పెంచుకొన్న బిడ్డ. దాని తరువాత తొమ్మిది నెలలకు, 1922 ఏప్రిల్ 5న, తర్జుమా పని ముగించి, రమాబాయి నిద్రించారు. ఆ బైబిలు 1924లో ముక్తి అచ్చుకూటములోనే అచ్చయింది. ఒకప్పుడు కరువులో వీధిన పడిన పిల్లలే పెరిగి ఆ అచ్చుకూటములో పని నేర్చుకొన్నారు.