చమురు మంత్రి మాలవీయ, సముద్రం మీది మనుషులు

రాజధానిలో చమురు ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాతతరం వారు తలచుకునే పేరు కేశవదేవ్ మాలవీయ. 1904లో జన్మించి 1981లో కన్నుమూసిన ఆయనను భారత చమురు పరిశ్రమకు పితామహుడంటారు. ఆ బిరుదుతో నాకు పేచీ లేదు. కాని ఆయన జీవితకథలో సాధారణంగా ఎవరూ తెరవని పుట ఒకటున్నది. అది సముద్రం మీద బావులు తొలిచే కార్మికుల ప్రాణరక్షణకు సంబంధించినది.

కాన్పూరులోని హార్‌కోర్ట్ బట్లర్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళి, నెహ్రూ ప్రభుత్వంలో ప్రవేశించిన మనిషి ఆయన. నాడు దేశంలో చమురు వ్యాపారమంతా బర్మాషెల్ వంటి విదేశీ కంపెనీల చేతిలో ఉండేది. మాలవీయ సోవియట్, రుమేనియా నిపుణులను పిలిపించారు. 1956లో చమురు, సహజవాయు కమిషన్ ఏర్పడింది. 1957లో జ్వాలాముఖిలో బావి తవ్వకం మొదలైంది. 1958లో కాంబేలో, 1960లో అంకలేశ్వర్‌లో చమురు పడింది. సోవియట్ ముడిచమురు చౌకగా దొరుకుతుంటే దానిని శుద్ధి చేయబోమని కంపెనీలు మొండికేసినప్పుడు కూడా ఆయన వెనుకంజ వేయలేదు. ఆ పట్టుదల లేకుంటే ప్రభుత్వరంగంలో చమురు పరిశ్రమ అన్నదే ఉండేది కాదని నా నమ్మకం.

ఒక గనుల సంస్థ చేత ఎన్నికల ఖర్చుకు సొమ్ము ఇప్పించారన్న ఆరోపణపై న్యాయమూర్తి ఎస్.కె. దాస్ విచారణ జరిపిన మీదట 1963లో ఆయన మంత్రిపదవికి రాజీనామా చేశారు. దశాబ్దానికి పైగా అధికారానికి దూరంగా ఉండి, ఇందిరాగాంధీ మంత్రివర్గంలో తిరిగి చేరి, 1974 చివరిలో చమురు శాఖను మళ్ళీ చేపట్టారు. అప్పటికే ఆ ఏడాది ఫిబ్రవరిలో, జపాన్‌లో నిర్మించిన సాగర్ సమ్రాట్ రిగ్గు బొంబాయి తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరాన బొంబాయి హైలో చమురు కనుగొన్నది. అరబ్బు దేశాలు చమురు ధరను నాలుగింతలు చేసిన రోజులవి. మాలవీయ తొందరపడ్డారు, తొందరపడవలసిన అవసరమూ ఉన్నది. 1976 మే 21న బొంబాయి హై నుంచి ఉత్పత్తి ప్రారంభమైంది. రెండేళ్ళ పైచిలుకులో ఆ పని పూర్తికావడం సామాన్యమైన విషయం కాదు.

ఆ వేగంలో మరుగునపడినదేమిటో చెప్పాలంటే రిగ్గు మీది పని తీరు కొంచెం తెలియాలి. తొలిచే గొట్టాల గుండా పంపే బరువైన బురదే అడుగునున్న వాయు పీడనాన్ని అణచిపెడుతుంది. ఆ బరువు చాలకపోతే వాయువు పైకి తన్నుకొస్తుంది. బావి నోట అమర్చిన నిరోధక యంత్రం సమయానికి మూసుకోకపోతే అదే బ్లోఅవుట్. ఆపైన ఒక నిప్పురవ్వ చాలు. నేల మీది కార్మికుడు పరుగెత్తి ప్రాణం దక్కించుకోవచ్చు. నడిసముద్రంలో ఎక్కడికి పరుగెత్తుతాడు?

ఈ ప్రమాదం ఎవరికీ తెలియనిదేమీ కాదు. బ్రిటిష్ జలాల్లో తొలిసారి వాయువు కనుగొన్న సీ జెమ్ రిగ్గు 1965 డిసెంబరులో కాళ్ళు విరిగి కూలి 13 మంది మరణించారు. ఆ దేశం 1971లో ప్రత్యేక చట్టం చేసింది. సాగర్ సమ్రాట్ చమురు కనుగొన్ననాటికి ఆ చట్టానికి మూడేళ్ళు నిండలేదు. దానిని చూసి మనమూ ఒకటి చేసుకోవచ్చు. మాలవీయ హయాంలో సముద్ర తవ్వకాలకు ప్రత్యేకించి అటువంటి భద్రతా నిబంధనలు రాలేదు. విదేశీ కంపెనీలతో అంతగా పోరాడినవాడు తన సొంత కమిషన్ మీద కాపలాదారును నియమించవలసి ఉండెనని ఎందుకు తలచలేదో! తనవాళ్ళ మీది నమ్మకమే కారణం కావచ్చునని నా ఊహ.

ఆయన గతించిన మరుసటి ఏడు, 1982 జూలైలో, బొంబాయి హైలో సాగర్ వికాస్ రిగ్గు వద్ద బ్లోఅవుట్ జరిగింది. 1986లో చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేటు ఏర్పడింది గాని, అది చమురు శాఖకే చెందినది. చమురు తీయించే శాఖకే భద్రత తనిఖీ బాధ్యత! 1988లో ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా వేదిక కాలిపోయి 167 మంది చనిపోయిన తరువాత, బ్రిటన్ ఆ తనిఖీ అధికారాన్ని ఇంధన శాఖ నుంచి తప్పించి కార్మిక ఆరోగ్య, భద్రతల సంస్థకు అప్పగించింది. మనం ఆ పాఠం వినలేదు.

2005 జూలై 27న, వానాకాలపు అలల్లో, గాయపడిన వంటవాడిని చేర్చడానికి బొంబాయి హై ఉత్తర వేదికను సమీపించిన నౌక వాయువు గొట్టానికి తగిలింది. రెండు గంటల్లో వేదిక బూడిదైంది. 22 మంది బలియయ్యారు. ఆ నౌక పేరు సముద్ర సురక్ష. తీరానికి దూరంగా జరిగే చమురు పనులకు భద్రతా నిబంధనలు వెలువడింది 2008లో. సాగర్ సమ్రాట్ చమురు కనుగొన్న 34 ఏళ్ళకన్నమాట. అమలు బాధ్యత మళ్ళీ ఆ డైరెక్టరేటుకే అప్పగించారు.

1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండటం చూసిన కోనసీమ ప్రజలకు బ్లోఅవుట్ అన్నమాటకు అర్థం చెప్పనక్కరలేదు. కృష్ణా-గోదావరి తీరాన సముద్రంలోనూ రిగ్గులు వెలసినందువల్ల, ఢిల్లీలో ఈ తనిఖీ ఎవరి చేతిలో ఉన్నదన్నది మన ప్రశ్న కూడా.

డెహ్రాడూన్‌లోని చమురు అన్వేషణ సంస్థకు మాలవీయ పేరు పెట్టారు. ఆయన ఉత్పత్తి ప్రారంభింపజేసిన ఆ బొంబాయి హై వద్దనే 2021 మే నెలలో, తుపాను హెచ్చరికలు ముందే అందినా తీరానికి చేరని పి-305 బార్జి లంగరు తెగి మునిగిపోయింది. దానిలోనూ, ఒక టగ్గులోనూ ఉన్నవారిలో ఎనభైమందికి పైగా తిరిగి రాలేదు.