ఉప్పు ప్యాకెట్ నుంచి మందుల బిల్లు దాకా: శ్రీకాకుళం డాక్టర్ వేసిన లెక్క

మీ వంటింట్లో ఉన్న ఉప్పు ప్యాకెట్ ఒకసారి తిప్పి చూడండి. చాలా ప్యాకెట్ల మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ ఉంటుంది. ఆ ఉప్పులో అయోడిన్ కలిపారని దానర్థం. మనం పెద్దగా పట్టించుకోని ఆ బొమ్మ వెనక ఒక తెలుగు డాక్టర్ ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. ఆయనే వులిమిరి రామలింగస్వామి.

ఆయన ఆర్థిక శాస్త్రం చదవలేదు. పాథాలజిస్టు, అంటే జబ్బు శరీరంలో ఏం చేస్తుందో కణజాలాన్ని పరీక్షించి చెప్పే డాక్టర్. అయినా ఒక మనిషికి వైద్యం చేయడానికి ఎంత ఖర్చవుతుంది, ఆ డబ్బు ఎవరి జేబులోంచి రావాలి, ఏ మందులు ఎవరి కోసం తయారవ్వాలి అన్న ప్రశ్నల మీద ఆయన నాయకత్వంలో వచ్చిన నివేదిక ఇప్పటికీ చర్చలోకి వస్తూనే ఉంది. ఆరోగ్యశ్రీ గురించి, పీహెచ్‌సీలో దొరికే ఉచిత మందుల గురించి, జన ఔషధి దుకాణాల గురించి మాట్లాడేటప్పుడు ఆయన కథ తెలిసుంటే చాలా విషయాలు సులువుగా అర్థమవుతాయి.

ఎవరీ రామలింగస్వామి?

1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నంలోని ఆంధ్ర మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఆ తర్వాత ఎండీ చేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పూర్తి చేశారు. కొన్నేళ్లు నీలగిరి కొండల్లోని కూనూరులో పోషకాహార పరిశోధనశాలలో పనిచేశారు. ఆ పరిశోధనశాలే తర్వాత హైదరాబాద్‌కు తరలివచ్చి, ఇవాళ తార్నాకలో మనం చూసే జాతీయ పోషకాహార సంస్థ అయింది.

కూనూరులో ఆయన ముందుకొచ్చిన జబ్బులు వేరే రకం. తిండి సరిపోక కాళ్లు వాచి, పొట్ట ఉబ్బిన పిల్లలు. రక్తం లేక పాలిపోయిన గర్భిణులు. వీటికి అసలు మందు తిండే. మందు సీసా రాసిచ్చినంత మాత్రాన ఈ జబ్బులు పోవన్న ఎరుక ఆయన తర్వాతి పనులన్నిటిలోనూ కనిపిస్తుంది.

తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో పాథాలజీ ప్రొఫెసర్ అయ్యారు. 1969 నుంచి 1979 వరకు ఎయిమ్స్ డైరెక్టర్. అక్కడి నుంచి 1986 వరకు ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్. లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. పదవుల జాబితా ఇంకా పొడవే కానీ, మనకు కావాల్సింది అది కాదు.

కాంగ్రా లోయలో ఏం జరిగింది?

1956లో, ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్న కాంగ్రా లోయలో ఆయన బృందం పని మొదలుపెట్టింది. అక్కడ మెడ దగ్గర గడ్డలాగా ఉబ్బే గాయిటర్ చాలా ఎక్కువ. దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా ఉండేది. హిమాలయాల మట్టిలో, నీళ్లలో అయోడిన్ తక్కువ కావడమే దీనికి కారణమని అప్పటికే అనుమానం ఉంది. గాయిటర్ అంటే మెడ అందం చెడిపోవడం ఒక్కటే కాదు. తల్లికి అయోడిన్ చాలకపోతే పుట్టే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

సుమారు లక్ష మంది ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు. కలిపిన రెండు భాగాల్లోనూ ఒకచోట అయోడైడ్, రెండోచోట అయోడేట్ వాడి చూశారు. ఆరేళ్లు తిరిగేసరికి అయోడిన్ ఉప్పు అందిన చోట గాయిటర్ సగానికి, అంతకంటే ఎక్కువగా తగ్గింది. మామూలు ఉప్పు తిన్న భాగంలో ఎక్కడిదక్కడే ఉంది. ఆ తర్వాత వాళ్లకూ అయోడిన్ ఉప్పే ఇచ్చారు, అక్కడా తగ్గింది.

ఖర్చు కోణంలో ఈ ప్రయోగం విలువ వేరు. డాక్టర్ లేడు, ఆసుపత్రి లేదు, ఆపరేషన్ లేదు. కూలి మానుకుని బస్సెక్కి పట్నం పోవాల్సిన పని లేదు. రోజూ తినే ఉప్పు తోనే జబ్బు ఆగిపోయింది. 1962లో కేంద్రం జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. 1980ల మధ్య నుంచి దేశంలో తినే ఉప్పంతటికీ అయోడిన్ కలపాలన్న విధానం వచ్చింది.

దారి మాత్రం నున్నగా సాగలేదు. అయోడిన్ లేని ఉప్పు అమ్మకంపై దేశవ్యాప్తంగా పెట్టిన నిషేధాన్ని 2000లో ఎత్తేశారు. రామలింగస్వామి 2001 మే 28న కన్నుమూసేనాటికి ఆ నిషేధం లేదు. 2006 మేలో మళ్లీ అమల్లోకి వచ్చింది. ఇప్పటి నియమం ప్రకారం ఉప్పు మన చేతికొచ్చేసరికి పది లక్షల పాళ్లలో కనీసం 15 పాళ్లు అయోడిన్ ఉండాలి. తేమకు, ఎండకు ఇది తగ్గిపోతుంది కాబట్టి ఉప్పు డబ్బా మూత గట్టిగా పెట్టుకోవాలి.

అందరికీ ఆరోగ్యం: 1981 నివేదిక ఏం అడిగింది?

1978లో ఆల్మా ఆటా సదస్సులో ప్రపంచ దేశాలు 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అన్న లక్ష్యం పెట్టుకున్నాయి. మన దేశంలో దాన్ని ఎలా సాధించాలో చెప్పడానికి రెండు సంస్థలు కలిసి ఒక అధ్యయన బృందాన్ని వేశాయి. ఒకటి ఐసీఎంఆర్, రెండోది భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి. డాక్టర్లను, సామాజిక శాస్త్రవేత్తలను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం అప్పట్లో అరుదు. బృందానికి అధ్యక్షుడు రామలింగస్వామి, సభ్య కార్యదర్శి విద్యావేత్త జె.పి. నాయక్. నివేదిక 1981లో అచ్చయింది.

దాని వాదన సూటిగా ఉంటుంది. మన వైద్య వ్యవస్థ పట్నాల వైపు, పెద్దాసుపత్రుల వైపు, జబ్బు చేశాక నయం చేయడం వైపు ఒరిగిపోయింది. డబ్బున్నవాళ్లకు అందుతోంది, పల్లెకు అందడం లేదు. దాన్ని ఇంకాస్త పెంచుకుంటూ పోతే లాభం లేదు, కింది నుంచి తిరిగి కట్టాలి. తిండి, మంచినీళ్లు, పారిశుధ్యం, ఆదాయం కూడా ఆరోగ్య శాఖ ఫైలులోకి రావాలి. ఊళ్లోనే ఉండే ఆరోగ్య కార్యకర్త మొదటి మెట్టు కావాలి.

డబ్బు విషయంలో ఒక అంకె చెప్పింది. 2000 నాటికి స్థూల జాతీయోత్పత్తిలో 6 శాతం ఆరోగ్యానికి ఖర్చు కావాలని.

మందుల విషయంలో నివేదిక భాష మరింత కటువు. డాక్టర్లు, మందుల కంపెనీలు ఒకరికొకరు తోడై జనం మీద అనవసరపు మందుల భారం మోపే ప్రమాదం ఉందని, మార్కెట్లో మందులు కుప్పలుగా ఉండటమే ఒక వ్యాపార ప్రయోజనంగా మారితే అది ప్రజారోగ్యానికి శత్రువవుతుందని హెచ్చరించింది. దీనికి కొంత నేపథ్యం ఉంది. 1975లో హాథీ కమిటీ 117 అత్యవసర మందుల జాబితా ఇచ్చి, మెల్లగా బ్రాండ్ పేర్ల నుంచి జనరిక్ పేర్లకు మారాలని సూచించింది. ఆ పని నత్తనడకన సాగింది. దేశానికి జాతీయ అత్యవసర మందుల జాబితా 1996లో కానీ రాలేదు.

మందుల సరఫరా ఎంత సున్నితమో రామలింగస్వామి 1994లో మరోసారి దగ్గర నుంచి చూశారు. సూరత్‌లో ప్లేగు కలకలం రేగింది. జనం టెట్రాసైక్లిన్ కోసం మందుల షాపుల మీద పడ్డారు. ప్రైవేటు డాక్టర్లలో చాలామంది ఊరు విడిచారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఈ వ్యాధిపై కేంద్రం వేసిన సాంకేతిక సలహా కమిటీకి అధ్యక్షుడు ఆయనే.

అనంతపురానికి దీంతో ఏం సంబంధం?

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదటి విడతగా మూడు జిల్లాల్లో మొదలైంది. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. ఒకటి ఆయన పుట్టిన ఊరు. ఇంకొకటి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన మాత్రమే పడే, వేరుశనగ మీద బతికే కరవు సీమ. మూడూ వలసల జిల్లాలే. వైద్యం ఖర్చు వల్ల కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోతున్నాయన్నదే పథకానికి కారణం.

ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషన్, కేన్సర్ చికిత్స లాంటివి పేద కుటుంబానికి అందుబాటులోకి వచ్చాయి. ఆ పథకంతో ప్రాణం నిలిచిన ఇంటికి వెళ్లి 1981 నివేదిక చదివి వినిపిస్తే నవ్వుతారు. అది న్యాయమే. కానీ ఈ తరహా పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక అయ్యే ఖర్చు చూస్తుంది. కల్యాణదుర్గం దగ్గరి పల్లెలో ఉన్న షుగర్ రోగి నెలనెలా బయట కొనే మాత్రలు, పరీక్షలు, బస్సు చార్జీ, పోయిన కూలి ఆ లెక్కలోకి రావు. దేశంలో జనం జేబు నుంచి పెట్టే వైద్య ఖర్చులో పెద్ద భాగం మందులదే. పైరు ఎండిన ఏడాది మొదట ఆపేసేదీ ఆ మాత్రలే. ఆపేసిన మాత్రల పర్యవసానమే కొన్నేళ్ల తర్వాత ఆరోగ్యశ్రీ బిల్లుగా ప్రభుత్వానికి తిరిగొస్తుంది.

అందుకే పీహెచ్‌సీలో బీపీ, షుగర్ మందులు నెల నెలా స్టాకు ఉన్నాయా లేదా అన్నది కార్డు మీద రాసిన లక్షల పరిమితి కంటే తక్కువ ప్రశ్నేమీ కాదు. అక్కడ ఉచితంగా ఇచ్చే మందులకు బయట డబ్బు పెట్టకండి. బయట కొనాల్సి వస్తే, చీటీ మీద జనరిక్ పేరు రాయమని డాక్టర్‌ను అడగండి. అదే మందు జన ఔషధి కేంద్రంలో ఎంతో కనుక్కోండి.

నివేదిక చెప్పినవన్నీ ఫలించలేదు. ఊరి ఆరోగ్య కార్యకర్త ఆలోచన 1977లోనే ప్రభుత్వ పథకంగా వచ్చి నీరుగారింది, 2005 తర్వాత ఆశా కార్యకర్తల రూపంలో మళ్లీ లేచింది. 6 శాతం అంకె సంగతి ఇంకా దూరం. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రభుత్వ ఖర్చును 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేర్చాలంది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల్లో అది 1.84 శాతం. అదే ఏడాది దేశం మొత్తం వైద్య ఖర్చులో జనం సొంత జేబు నుంచి పెట్టింది 39.4 శాతం. 2013-14లో ఇది 64.2 శాతం.