గాజుల లక్ష్మీనరసు శెట్టి

చెన్నపట్నంలో కూవం నది వంపు తిరిగిన చోట చింతాద్రిపేట ఉంది. 1734లో ఈస్టిండియా కంపెనీవారు నేతపనివారి కోసం ఈ పేటను ఏర్పరచారు. చిన్న మగ్గాల ఊరు అని అర్థమిచ్చే తమిళ పదాల నుండి ఈ పేరు వచ్చిందని చెబుతారు. మగ్గం మీద నేసిన బట్టే ఆనాడు ఈ నగరానికి సిరి. ఆ బట్టల వ్యాపారంలో తెలుగు వర్తకులకు గొప్ప స్థానం ఉండేది. అటువంటి వర్తక కుటుంబంలో 1806లో లక్ష్మీనరసు శెట్టి జన్మించాడు.

ఆయన తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు, బట్టల వ్యాపారి. లక్ష్మీనరసు చిన్నతనంలోనే తండ్రికి చేదోడుగా వ్యాపారంలో ప్రవేశించాడు. తన తెలివితేటలతో దానిని వృద్ధి చేశాడు. సంపద పెరిగినా సుఖంగా కూర్చుండలేదు. చుట్టూ ఉన్న ప్రజల కష్టాలు ఆయన మనస్సును కలచివేశాయి.

ఆ రోజులలో దేశాన్ని పాలించేది కంపెనీ. ప్రజలకు ఓటు లేదు. శాసనాలు చేసే సభలో ఒక్క భారతీయుడూ లేడు. అందువల్ల ప్రజల గోడు వినిపించడానికి ఒక పత్రిక కావాలని ఆయన భావించాడు. 1844లో క్రెసెంట్ అనే ఆంగ్ల పత్రికను స్థాపించాడు. పత్రిక వెలువడుతున్నదన్న ప్రకటనను వేసుకోవడానికి కూడా ప్రభుత్వ గెజిట్ నిరాకరించింది. అయినా ఆయన వెనుకంజ వేయలేదు.

పత్రిక ఒక్కటే చాలదని గ్రహించి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ అనే సంఘాన్ని నెలకొల్పాడు. ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు పెద్ద మహజరు పంపింది. భూమి శిస్తు భారాన్ని, మగ్గాల మీద, చేతిపనుల మీద వేసే మొతర్ఫా పన్నును, న్యాయస్థానాలలోని జాప్యాన్ని అందులో వివరించింది.

వీటన్నింటికంటె ఘోరమైనది మరొకటి ఉంది. శిస్తు కట్టలేని రైతులను రెవెన్యూ సిబ్బంది చిత్రహింసలు పెట్టేవారు. కిట్టి అనే చెక్క సాధనంలో వేళ్లు పెట్టి నొక్కేవారు. మెడను కాళ్లకు కట్టి, వంగబెట్టి ఎండలో నిలిపేవారు. నేరం ఒప్పించడానికి పోలీసులు కూడా ఇలాగే చేసేవారు. శిస్తు వసూలు, పోలీసు పని ఒకే అధికారుల చేతిలో ఉండడం వల్ల బాధితులకు దిక్కు లేకపోయింది.

1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమోర్ మద్రాసుకు వచ్చాడు. లక్ష్మీనరసు శెట్టి ఆయనను జిల్లాలకు తీసుకువెళ్లి రైతుల కష్టాలను చూపించాడు. మరుసటి సంవత్సరం సీమోర్ ఈ విషయాన్ని పార్లమెంటులో లేవనెత్తాడు. అటువంటి హింస లేదని కొందరు వాదించారు. చివరకు 1854లో విచారణ సంఘం ఏర్పడింది. దాదాపు 2,000 ఫిర్యాదులు వచ్చాయి. కొందరు వందల మైళ్లు నడిచి వచ్చి తమ బాధ చెప్పుకున్నారు. హింస జరిగిన మాట నిజమేనని 1855లో ఆ సంఘం తేల్చి చెప్పింది.

తరువాత మార్పులు వచ్చాయి. 1859లో వచ్చిన చట్టంతో మద్రాసు రాజధానిలో పోలీసు శాఖ ప్రత్యేకంగా ఏర్పడింది. నేరం ఒప్పించడానికి గాని, సొమ్ము రాబట్టడానికి గాని మనిషిని గాయపరచడం శిక్షార్హమని 1860 నాటి శిక్షాస్మృతి విధించింది. 1863లో లక్ష్మీనరసు శెట్టి మద్రాసు శాసనసభలో సభ్యుడుగా నియమితుడయ్యాడు. బయట నిలిచి అర్జీలు పంపిన వ్యక్తి, శాసనాలు చేసే సభలో కూర్చున్నాడు.

పత్రిక కోసం, సంఘం కోసం ఆయన తన ధనాన్ని ధారాళంగా ఖర్చు చేశాడు. 1868లో మరణించేనాటికి ఆయన సంపద కరిగిపోయింది.

నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యమిచ్చేటట్లు నిర్బంధించరాదని 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం చెప్పింది. చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. అది తప్పినప్పుడు అడిగేవారుండాలి. ఓటు కూడా లేని కాలంలో ధైర్యంగా అడిగిన లక్ష్మీనరసు శెట్టి జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.