బుల్లితెర మీద పద్యనాటకం – టి.ఎస్. ఎలియట్

థామస్ స్టెర్న్స్ ఎలియట్ 1888 సెప్టెంబర్ 26న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జన్మించారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సంస్కృతం నేర్చుకున్నారు. 1922లో వెలువడిన ఆయన కావ్యం ‘ది వేస్ట్ ల్యాండ్’ చివరి భాగంలో మన బృహదారణ్యకోపనిషత్తు మాటలు కనిపించడానికి ఆ చదువే కారణం. లండన్‌లో స్థిరపడి మొదట బ్యాంకులో, తరువాత ప్రచురణ సంస్థలో పనిచేశారు. 1927లో బ్రిటిష్ పౌరసత్వం పొందారు.

కవిగా ఎంత పేరు వచ్చినా, పద్యం పుస్తకానికే పరిమితం కాకుండా రంగస్థలం మీద నలుగురికీ వినిపించాలని ఆయన తపించారు. అలా పుట్టిందే ‘మర్డర్ ఇన్ ది కెథెడ్రల్’. రాజును ఎదిరించి, 1170లో తన ప్రార్థనా మందిరంలోనే హత్యకు గురైన మతాచార్యుడు థామస్ బెకెట్ కథ ఇది. 1935 జూన్‌లో ఆ కాంటర్‌బరీ ప్రాంగణంలోనే దీన్ని మొదటిసారి ప్రదర్శించారు.

1936 నవంబర్ 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బి.బి.సి. టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. మరుసటి నెలలోనే దర్శకుడు జార్జ్ మోర్ ఓఫెరల్ ఈ నాటకంలోని కొన్ని దృశ్యాలను ప్రసారం చేశారు. అది తేలికైన పని కాదు. పెద్ద మందిరంలో మారుమోగిన పద్యం ఇప్పుడు ఇంట్లో కూర్చున్న ఇద్దరు ముగ్గురికి వినిపించాలి. కాంటర్‌బరీ స్త్రీలందరూ కలిసి పలికే బృంద పద్యాలు నలుపు తెలుపుల చిన్న తెరలో ఇమడాలి. పైగా అంతా ప్రత్యక్ష ప్రసారమే. మన పద్యనాటకాల్లోలా ‘వన్స్ మోర్’ అంటే మళ్లీ పాడే వీలు లేదు. ఆ రోజుల్లో ప్రసారాలను భద్రపరిచే ఏర్పాటూ లేదు. చూసినవారి జ్ఞాపకాల్లోనే ఆ నాటకం మిగిలింది.

1948లో ఎలియట్‌కు నోబెల్ బహుమతి లభించింది. అంత గొప్ప కవి అయినా తన రచనలో ఒక్క అక్షరం మార్చకూడదని ఆయన పట్టుబట్టలేదు. 1951లో ఇదే నాటకం సినిమాగా వచ్చినప్పుడు, రంగస్థలానికి సరిపోయినది తెరకు చాలదని గ్రహించి కొత్త సన్నివేశాలు రాసిచ్చారు. ఒక పాత్రకు తన గొంతు కూడా ఇచ్చారు.

1965 జనవరి 4న ఎలియట్ కన్నుమూశారు. మంచి మాట పదిమందికీ చేరాలంటే కొత్త సాధనాలను చూసి బెదరకూడదని ఆయన జీవితం మనకు నేర్పుతుంది.