కత్తి పెట్టకుండానే మెదడులో గడ్డకు చికిత్స.. గామా నైఫ్ తెచ్చిన డాక్టర్ కథ ఇదీ!

ఫోన్ ఒక చెవికి పెట్టుకుంటే మాట బాగానే వినిపిస్తుంది. రెండో చెవికి మార్చితే సరిగా వినపడదు. ఆ చెవిలోనే ఎప్పుడూ హోరు, అప్పుడప్పుడు తల తిరగడం. గులిమి అనుకుని చాలామంది నెలలు గడిపేస్తారు. కొందరిలో మాత్రం అసలు కారణం వేరే. చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీద, పుర్రె అడుగుభాగంలో ఒక గడ్డ పెరుగుతుంటుంది. అది క్యాన్సర్ కాదు. కానీ ఉన్న చోటే ప్రమాదం. పక్కనే ముఖాన్ని కదిలించే నరం, ఇంకాస్త లోపల మెదడు కాండం.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వాళ్లకు ఇలాంటి జబ్బు అనగానే బెంగళూరు రైలే దిక్కు. హిందూపురం నుంచి సుమారు 100 కిలోమీటర్లు. అక్కడి నిమ్హాన్స్‌లో గామా నైఫ్ ఉంది. పేరులో కత్తి ఉంది గానీ మెషిన్‌లో లేదు. పుర్రె తెరవరు. ఇంతకీ దీన్ని కనిపెట్టింది ఎవరంటే.. స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్.

1907 నవంబర్ 23న పుట్టిన లెక్సెల్, 1930ల్లో స్టాక్‌హోమ్‌లో హెర్బర్ట్ ఒలివెక్రోనా దగ్గర మెదడు ఆపరేషన్లు నేర్చుకున్నారు. అప్పటికి సీటీ లేదు, ఎమ్మారై లేదు. పుర్రె అడుగున గడ్డ తీయాలంటే మెదడును పక్కకు జరపాల్సిందే. పేషెంట్ బతికినా ముఖం ఒకవైపు పడిపోవడం మామూలే. ఫిన్లాండ్ యుద్ధంలో వాలంటీర్ సర్జన్‌గా కూడా పనిచేశారాయన.

1949లో తలకు బిగించే ఒక ఫ్రేమ్ గురించి ప్రచురించారు. మెదడులో ఏ చోటైనా కొలతలతో కచ్చితంగా చెప్పేయొచ్చు. ఆ చోటికి సూది పంపొచ్చు. మరి సూది బదులు కిరణాలు పంపితే? 1951లో ఆ ఆలోచనకు రేడియోసర్జరీ అని పేరు పెట్టారు. ఎక్స్‌రే ట్యూబ్‌నే ఫ్రేమ్‌కు తగిలించి, భరించలేని ముఖ నరం నొప్పికి ప్రయోగించారు. తర్వాత బోర్యే లార్సన్‌తో కలిసి ఉప్సలాలో ప్రోటాన్ కిరణాలు ప్రయత్నించారు. పని జరిగింది గానీ అంత పెద్ద యంత్రం ఆస్పత్రిలో పెట్టేదెలా? చివరికి కోబాల్ట్ దగ్గర ఆగారు.

1968లో స్టాక్‌హోమ్‌లోని సోఫియాహెమ్మెట్ ఆస్పత్రిలో మొదటి గామా యూనిట్ పని మొదలుపెట్టింది. తల చుట్టూ 179 కోబాల్ట్-60 మూలాలు. ఒక్కో కిరణం బలహీనం, దారిలో ఉన్న మెదడుకు పెద్దగా హాని చేయదు. అన్నీ కలిసే బిందువులో మాత్రం డోసు భారీగా పడుతుంది. ధర్మవరం మగ్గం మీద పట్టుపోగు ఒక్కటైతే చేత్తో తెంపేయొచ్చు, పేటలు కలిపితే తెగదు కదా.. అలాంటిదే ఇది.

అసలు ట్విస్ట్ ఇక్కడే. లెక్సెల్ ఈ మెషిన్ చేసింది ప్రధానంగా గడ్డల కోసం కాదు. నొప్పి, వణుకు లాంటి సమస్యలకు మెదడులో సన్నటి గాటు పెట్టాలని ఆయన ఉద్దేశం. గడ్డల దగ్గర ఎక్కువ పనికొస్తుందని వాడుతుంటే తెలిసింది. 1969లో చెవి నరం గడ్డకు మొదటిసారి వాడారు. 1970ల్లో వచ్చిన రెండో యూనిట్‌లో కిరణాలు గుండ్రంగా పడేలా మార్చారు. అది గడ్డలకు బాగా సరిపోయింది.

అంతా సాఫీగా ఏమీ సాగలేదు. మొదట్లో డోసు ఎక్కువగా ఇవ్వడంతో కొందరికి ముఖ నరం దెబ్బతింది. తగ్గిస్తూ తగ్గిస్తూ ఇప్పుడు ఈ గడ్డకు సాధారణంగా 12-13 గ్రే దగ్గర ఆగారు. ఇంకో మాట. గడ్డ మాయమైపోతుందనుకుంటే పొరపాటే. పెరగడం ఆగుతుంది, కొన్ని మెల్లగా చిన్నవవుతాయి. పోయిన వినికిడి తిరిగి రాదు. ఏళ్ల తరబడి ఎమ్మారై తీయించుకుంటూ ఉండాలి. సుమారు 3 సెంటీమీటర్లు దాటి, మెదడు కాండాన్ని నొక్కుతుంటే ఇప్పటికీ ఆపరేషనే.

లెక్సెల్ 1974లో రిటైరయ్యారు. 1986 జనవరి 12న, 78 ఏళ్ల వయసులో, స్విస్ ఆల్ప్స్‌లో సెలవులు గడుపుతూ కన్నుమూశారు. అప్పటికి ప్రపంచంలో ఆయన మెషిన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. మన దేశానికి మొదటిది 1997లో వచ్చింది, ముంబైకి. అదే ఏడాది ఢిల్లీ ఎయిమ్స్‌కూ వచ్చింది. బెంగళూరు వంతు ఆ తర్వాత.