డిగ్రీ లేని బిషప్పుగారు

మన సావనీరులో యేటా పెద్ద పెద్ద పట్టాలు పుచ్చుకున్న మహనీయుల జీవితాలు వస్తూ వుంటాయి. ఈసారి బి.ఏ. కూడా పూర్తి చేయని ఒకాయన గురించి రాస్తున్నాను. అధ్యాపకులు క్షమింతురు గాక!

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని ఒక పల్లెటూళ్ళో జన్మించారు. తండ్రి ఆంగ్లికన్ సంఘంలో గురువు. చాలా యేళ్ళు యెదురుచూసి, ప్రార్థించి కన్న కొడుకు గనుక తల్లి అతడు దేవుడిచ్చిన బిడ్డ అనే అనుకున్నది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో లెక్కలు చదివారు. తీరా పరీక్షల ముందు జబ్బు చేసింది. పరీక్ష రాయలేదు, పట్టా రాలేదు. మనలో ఎవరికైనా అలా జరిగితే ఇంట్లో యెంత రభస! ఆయన మాత్రం 1895లో వై.యం.సి.ఏ. ఉద్యోగంలో చేరి ఊళ్ళు పట్టుకు తిరగడం మొదలుపెట్టారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని పెళ్ళాడారు.

1903లో తిరునెల్వేలి క్రైస్తవులు విదేశీ డబ్బు తీసుకోకుండా, తమ మనుషులతో, తమ కానుకలతో నడిచే ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించారు. దాని వెనుక వున్నది అజరయ్యగారే. ఆ సంఘం పని చేయడానికి యెంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని మన దోర్నకల్. ఇతరులను పొమ్మని తాను వెనక వుండిపోవడం ఆయనకు మనస్కరించలేదు. 1909లో గురుపట్టం పొంది తానే దోర్నకల్ వచ్చేశారు. ముప్పయి అయిదేళ్ళ తమిళుడు కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడంటే, ఆ కష్టం భాష నేర్చుకున్న వాళ్ళకే తెలుస్తుంది.

1910లో ఎడింబరో మహాసభలో, తెల్ల మిషనరీలు నిండిన సభలో నిలబడి, వారి త్యాగాలను మెచ్చుకుంటూనే, భారతీయులకు కావలసింది స్నేహమని మొహం మీదే చెప్పారు. చాలామందికి అది మింగుడుపడలేదు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రల్‌లో ఆయనకు బిషప్పు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. దేశీయుడు ఈ పని చేయగలడా అని సందేహించినవాళ్ళు దొరల్లోనే కాదు, మనవాళ్ళలోనూ వున్నారు.

అసలు కథ ఇక్కడినుంచే. ఆయన సంఘస్థులెవరు? అధిక భాగం మాలలు, మాదిగలు; అప్పులు, ఆకలి, వెట్టి. బండి మీదా, సైకిలు మీదా పల్లె పల్లెకూ తిరిగేవారు బిషప్పుగారు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వదిలించుకోవాలని బోధించేవారు. బాప్తిస్మం పొందిన ప్రతివాడి చేతా వాడి చెయ్యి వాడి తల మీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని ఒప్పుకోలు చేయించేవారు. నిన్నటిదాకా ఒకరి నీళ్ళు ఒకరు ముట్టని రెండు కులాలవాళ్ళు ఒకే గిన్నెలోంచి ప్రభు సంస్కారం పుచ్చుకోవాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. ఎన్నో ఊళ్ళలో గొడవలయ్యాయి కూడా. బిషప్పుగారు మాత్రం పట్టు విడువలేదు. కృప కొందరికి ఒక పాలు, కొందరికి మరొక పాలు పంచేది కాదని ఆయన నమ్మకం.

మరొక సంగతి. వంట పొయ్యి మీద పెట్టేముందు ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేయడం, ఆదివారం గుడికి తీసుకెళ్ళడం మన పల్లె సంఘాల్లో చాలామంది చూసిందే. ఇటువంటి ఇవ్వడాన్ని అజరయ్యగారు గట్టిగా సమర్థించారు. క్రైస్తవుల కానుకలను గురించి ఒక పుస్తకమే రాశారు. కృప ఉచితమైతే పేదవాడి దగ్గర బియ్యం యెందుకు అని అడగవచ్చు. నాకూ ఆ ప్రశ్న వచ్చింది. తరతరాలుగా చేయి చాపడమే తెలిసినవాడు దేవుడి ముందు ఇచ్చేవాడుగా నిలబడితే వాడి నడుం నిటారవుతుంది. ఆయన లెక్కలో కృప చేసే పని అది. లెక్కల్లో పట్టా రాకపోయినా ఈ లెక్క బాగానే కట్టారు. అన్నట్లు, 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1930ల్లో గాంధీగారితో అభిప్రాయభేదం వచ్చింది. హరిజనులు మతం మారడాన్ని గాంధీగారు ఒప్పుకోలేదు. తన మతం తాను యెంచుకునే తెలివీ హక్కూ వాళ్ళకున్నాయని బిషప్పుగారు వాదించారు. అదే మనిషి క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. ఇద్దరిలో యెవరిది ఒప్పు అనే వాదన మన హాస్టళ్ళలో ఇప్పటికీ తెగదు.

దోర్నకల్ కథీడ్రల్ పూర్తి కావడానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. మసీదు గుమ్మటాలు, దేవాలయపు రాతి స్తంభాలు, శిలువ అన్నీ ఒకే కట్టడంలో వున్నాయి. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠ జరిగింది. ఆరేళ్ళు కాకుండానే, 1945 జనవరి 1న, బిషప్పుగారు దోర్నకల్‌లోనే కన్నుమూశారు. సంఘాలన్నీ ఒక్కటి కావాలని 1919లో ట్రాంక్విబార్‌లో మొదలుపెట్టిన ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. అది చూడడానికి ఆయన లేరు. పిడికెడు బియ్యం కుండ మాత్రం కొన్ని ఇళ్ళలో పొయ్యి పక్కన అలాగే వుంది.